సచ్చినోడు పోసిన నీళ్లు

పోయిన నెల ఊరికి వెళ్లినప్పుడు మా వాడలో ఒక తల్లి తన బిడ్డ జడలు విప్పుతోంది. పొద్దున్నే నూనె పెట్టి, దువ్వి, గట్టిగా అల్లిన జడలు. రిబ్బన్లు ఊడదీసి ఒళ్లో వేసుకుంది. వేళ్లతో జుట్టు చెదరగొట్టింది. గడప పక్కన ఉన్న మన్ను కాస్త చేతికి తీసుకుని పిల్ల చెంపలకు రాసింది. పిల్లకు చక్కిలిగిలి అయి కిలకిలా నవ్వుతోంది.

"ఏం చేస్తున్నవే?" అన్నాను.

"సార్లు వస్తున్నరక్కా. వీడియో తీస్తరట. మంచిగుంటే తీయరు గదా" అంది. కూరలో ఉప్పు సరిపోయిందో లేదో చెప్పినంత మామూలుగా అంది.

అమ్మ పెట్టిన అన్నం సగంలో వదిలేసి చేయి కడుక్కున్నాను. నార్కట్‌పల్లి బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నా ఆ పిల్ల నవ్వే చెవిలో ఉంది. ఆ తల్లికి అలా చేయమని ఎవరూ చెప్పలేదు. ఎవరో చెప్పి చేయించిన మొదటి రోజున నేను అక్కడే ఉన్నాను. ఆ పూట నా జడలూ విప్పారు.

అప్పుడు నేను ఆరో తరగతి. కొత్త రాష్ట్రం వచ్చిన ఏడాది. ఊళ్లో అందరి నోటా ఒకటే మాట, ఇక మన బతుకులు మారుతాయని. మా ఊరు కేతేపల్లి అవతల, మా వాడ ఊరు దాటాక మొదలయ్యేది. గుంటెడు భూమి లేనివాళ్లం. మా బాపు వేరేవాళ్ల ట్రాక్టరు నడిపేవాడు. ఆయన తమ్ముడు, మా చిన్నాయన, రైసుమిల్లులో బస్తాలు మోసేవాడు. ఒకే వాకిట్లో రెండు ఇళ్లు. మధ్యలో అవ్వ మంచం. అవ్వ ఆ ఇంటి మనిషా ఈ ఇంటి మనిషా అంటే ఎవరూ చెప్పలేరు. ఎవరింట్లో కూర బాగుంటే ఆ పూట ఆ ఇంటి మనిషి.

చిన్నాయనకు ఒక్కతే కూతురు, నాకంటే నెలల చిన్నది. నాకు చెల్లె. ఇద్దరం ఒకే తరగతి, ఒకే బెంచీ. సాయంత్రం చిన్నాయన మిల్లు నుంచి వచ్చేసరికి కనుబొమల మీద, చెవుల వెంట్రుకల మీద తవుడు పేరుకుని ఉండేది. చెల్లె ఎగిరి ఆయన మెడ పట్టుకుని తన ముఖం ఆయన ముఖానికి రుద్దేది. "నాయినా, నాకు సుత ముసలి మీసాలొచ్చినయ్" అనేది. ఆ తవుడు వాసన ఇప్పటికీ ఏ మిల్లు ముందు నుంచి పోయినా నన్ను ఆపుతుంది. చిన్నాయన తాగడు. పండుగకు కూడా తాగడు. బస్తాలు మోసేవాళ్లలో తాగని మనిషి ఆయనొక్కడే అని మిల్లులో వెక్కిరించేవాళ్లట.

వాడ చివర యేసు ప్రార్థనలు జరిగే పెంకుల మందిరం. దాన్ని నడిపే పెద్దాయనను అందరం అయ్యగారు అనేవాళ్లం, ఆయన భార్యను అమ్మగారు. మా వాడలో పుట్టి పెరిగినవాడే. మా ఆడవాళ్లు అన్నానికి బియ్యం కడిగే ముందు ఒక పిడికెడు తీసి మూలనున్న చిన్న కుండలో వేసేవాళ్లు. దేవుని పిడికిలి అనేవాళ్లు. ఇంట్లో రెండు పూటల బియ్యమే ఉన్నా అవ్వ ఆ పిడికిలి ఆపేది కాదు. ఆదివారం అందరి కుండలూ మందిరంలోని గంపలోకి ఒంపేవాళ్లు. అది అయ్యగారి తిండి గింజలు. అంతకు మించి ఆయనకు జీతం లేదు.

అయితే ఆయన ఒక ఆదివారం గంప ముందు నిలబడి, "ఇంత మేమిద్దరం తినలేం. సగం పిల్లలకు పెడదాం" అన్నాడు. ఆ సగం బియ్యం కిరాణా కొట్టులో ఇచ్చి బొబ్బర్లు, శనగలు తెచ్చేవాళ్లు. అమ్మగారు వాటిని ఉడకబెట్టి ఉల్లిగడ్డ, ఎండుమిరపకాయ పోపు పెట్టి గుడాలు చేసేది. బడి వదిలాక పిల్లలందరం మందిరంలో చేరి గుడాలు తిని చదువుకోవాలి. "కడుపుల ఇంత పడితేనే అచ్చరం నిలుస్తది. అచ్చరం నిలిస్తేనే రెక్కలు అమ్ముకునుడు తప్పుతది" అనేవాడు అయ్యగారు. పోపు వాసన వాడంతా పాకేది. చదువు కోసం వచ్చామో గుడాల కోసం వచ్చామో మాకే తెలియదు. చెల్లె రెండోసారి వరుసలో నిలబడటానికి నా చున్నీ కప్పుకుని ముఖం దాచుకునేది. అమ్మగారు గుర్తుపట్టినా పట్టనట్టు పెట్టేది.

అయ్యగారు తెలుగు బాగా చెప్పేవాడు. లెక్కలు రావు. భిన్నాల దగ్గర మా ఎదుటే తల గోక్కునేవాడు. ఒకరోజు ఆయన నేతోళ్ల వాడకు వెళ్లి ఒక ఇంటి ముందు నిలబడ్డాడు. ఆ ఇంట్లో డిగ్రీ చదివి పెళ్లి కుదరక ఖాళీగా ఉన్న అక్క ఒకామె ఉంది. ఆమె తండ్రి మార్కండేయ గుడిలో శనివారం భజన నడిపే పెద్దమనిషి. మేం నేత తాత అనేవాళ్లం.

"బిడ్డను మా పిల్లలకు లెక్కలు చెప్ప పంపుతరా?" అని అయ్యగారు అడిగాడట. మందిరంలోకి అని కూడా చెప్పాడట.

నేత తాత మగ్గం ఆపి, "మీ మందిరంల కాలు పెడితే నా బిడ్డ ఏమన్న కరిగిపోతదా అయ్యగారూ? మీ దేవుడు లెక్కలు వద్దంటడా, మా దేవుడు వద్దంటడా?" అన్నాడట.

అలా అక్క వచ్చింది. ఆమె చీరకు గంజి పెట్టిన నూలు వాసన, చేతులకు రంగు మరకలు. తర్వాత తర్వాత నేతోళ్ల పిల్లలూ వచ్చారు. వాళ్ల ఇళ్ల నుంచి కూడా గుప్పెడు బొబ్బర్లు రావడం మొదలైంది. శనివారం భజన ప్రసాదం మాకు ముందు పెట్టి, తర్వాతే గుడిలో పంచేవాళ్లు. మేమూ భజనకు పోయి చిడతలు కొట్టేవాళ్లం. ఒకసారి భజన ముగియగానే చెల్లె కళ్లు మూసుకుని గట్టిగా "ఆమెన్" అంది. గుడి అంతా గొల్లుమంది. నేత తాత కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వి, "అన్నవా? ఇంక మన భజన రెండు చోట్ల చేరినట్టే" అన్నాడు.

మేం పేదవాళ్లమని ఆ రోజుల్లో నాకు నిజంగా తెలియదు. తెలియజెప్పడానికి ఒకాయన వచ్చాడు.

ఆయన్ను అందరూ బ్రదర్ అని పిలిచేవాళ్లు. హైదరాబాద్‌లో ఏదో సంస్థ నడుపుతాడు. తెల్లటి బట్టలు, గుబాళించే సెంటు, పుస్తకాల్లో రాసినట్టుండే తెలుగు. మా మందిరం సంగతి ఎవరి ద్వారానో విని మొదట ఒక్కడే వచ్చాడు. మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేశాడు. "పేదరికాన్ని తరిమేది రెండే రెండు. ఒకటి చదువు, రెండోది ఆత్మీయ సహవాసం. ఆ రెండూ మీ దగ్గర చూశాను. మీరందరూ నా కుటుంబం" అన్నాడు. మందిరం పక్కన గదులు కట్టిస్తానని, కంప్యూటర్లు పెట్టిస్తానని, ఆడపిల్లలను పట్నంలో తమ హాస్టల్లో ఉంచి చదివిస్తానని చెప్పాడు. దాతలకు చూపించడానికి చిన్న వీడియో తీస్తే చాలన్నాడు. అయ్యగారికి తన జీవితమంతా చేసిన ప్రార్థనకు జవాబు కారు దిగి వచ్చినట్టనిపించింది.

వీడియో తీసే రోజు వాడంతా పెళ్లి ఇల్లయింది. క్రిస్మస్‌కు కుట్టించిన గౌన్లు మాకు తొడిగారు. అమ్మ నాకు, చిన్నమ్మ చెల్లెకు తలస్నానం చేయించి, నూనె పెట్టి ఎర్ర రిబ్బన్లతో జడలు వేశారు. ఇంటింటికీ చందా వేసుకుని కోళ్లు కోశారు. బగారన్నం వాసనకు మా కడుపులు అరుస్తున్నాయి. చిన్నాయన మిల్లుకు పోకుండా ఆగిపోయాడు, వచ్చినవాళ్లకు మంచినీళ్లు అందించడానికి. కొత్త స్టీలు బిందె, కొత్త చెంబు. అక్క మాతో నిలబడి ఎక్కాలు చెప్పించి చూసుకుంటోంది. బాగా చదువుతారని చూపించాలి కదా.

రెండు కార్లు వచ్చాయి. బ్రదర్ వెంట కెమెరా పట్టుకున్న కుర్రాడు, వాళ్ల సంస్థలో పనిచేసే ఒక మేడమ్ దిగారు. తీగ మీద ఆరేసిన మాంసం తునకలు చూసి మేడమ్ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుంది. బ్రదర్ మా వరుస చూశాడు. ఆయన ముఖం వాడిపోయింది.

"ఏంటి అయ్యగారూ, పిల్లల్ని పెళ్లికూతుళ్లలా తయారు చేశారు? చూసేవాళ్ల గుండె కరగాలి కదా."

అయ్యగారికి అర్థం కాలేదు. "మంచిగున్నరు గదా బ్రదర్" అన్నాడు అమాయకంగా.

మేడమ్ ముందుకొచ్చింది. ఒక్కొక్కరి జడలు విప్పింది. చెప్పులు విప్పించింది. కాటుక తడి గుడ్డతో తుడిచింది. పాత గౌన్లు తెమ్మని తల్లులను ఇళ్లకు పంపింది. కొందరికి చిరుగులున్న గౌన్లు లేకపోతే వేళ్లతో చంక దగ్గర కుట్లు తెంపింది. కుట్లు తెగిన పర్‌మన్న చప్పుడు నా చెవిలో ఇంకా ఉంది. తర్వాత ఇంత మన్ను తీసి మా చెంపలకు, మోకాళ్లకు పూసింది. ప్రతి పిల్లనూ ముట్టుకున్నాక సంచిలోంచి సీసా తీసి చేతుల్లో మందు పోసుకుని రుద్దుకునేది. దవాఖాన వాసన వచ్చింది. మన్ను తనే పూసి, మమ్మల్ని ముట్టుకున్నందుకు తనే చేతులు కడుక్కుంటోంది.

అక్కను చూసి, "మీరు పక్కకు ఉండండి, బొట్టుతో కనిపించొద్దు" అంది. అక్క పక్కకు జరిగింది.

మమ్మల్ని మురికి కాలువ దగ్గరికి నడిపించారు. మేం ఎప్పుడూ కూర్చోని చోట కూర్చోబెట్టి ఆకుల్లో అన్నం పెట్టారు. కెమెరా వాడు చెప్పేదాకా ముట్టొద్దన్నారు. ఈగలు వాలుతుంటే తోలొద్దన్నారు. మా కోళ్లు, మా చందాలు, మా అమ్మలు వండిన అన్నం. ఎవరో మాకు దానం చేసినట్టు తీశారు.

తర్వాత బ్రదర్ కన్ను చెల్లె మీద పడింది. చెల్లెవి పెద్ద కళ్లు. ఆమెను రాయి మీద కూర్చోబెట్టి ఎదురుగా తనూ కూర్చున్నాడు.

"నీకు నాన్న లేడని చెప్పమ్మా. తాగి తాగి చనిపోయాడని చెప్పు."

"మా నాయిన తాగడు" అంది చెల్లె.

"తాగడులేమ్మా. ఊరికే చెప్పు. దేవుడికి నిజం తెలుసు కదా."

"మా నాయిన గక్కడున్నడు" అని చెల్లె వేలు చూపించింది. కెమెరా వెనక చిన్నాయన బిందె పట్టుకుని నిలబడి ఉన్నాడు.

బ్రదర్ అటు తిరిగి చూడలేదు. "నువ్వు చెప్తేనే అందరికీ హాస్టల్ వస్తుంది. మీ అక్కకు కూడా. చెప్పవా?" అన్నాడు. చెల్లె నావైపు చూసింది, వాళ్లమ్మవైపు చూసింది. చిన్నమ్మ కళ్లతోనే బతిమాలింది. చెల్లె చెప్పింది. ఏడుపు రాలేదు. మేడమ్ తలనొప్పి మందు వేలికి తీసుకుని చెల్లె కళ్ల కింద రాసింది. అప్పుడు వచ్చాయి నీళ్లు, ధారగా. "మా నాయిన తాగి సచ్చిపోయిండు. నాకు ఎవ్వరు లేరు." మళ్లీ చెప్పించారు. ఇంకోసారి చెప్పించారు. "బాగుంది, చాలా బాగుంది" అన్నాడు కెమెరా కుర్రాడు.

పని అయ్యాక బ్రదర్ ఎండకు ముఖం తుడుచుకుంటూ, "కాసిని మంచినీళ్లు" అన్నాడు.

చిన్నాయన చెంబు నిండా ముంచి తెచ్చాడు. ఇవ్వలేదు. పట్టుకుని నిలబడ్డాడు. నెమ్మదిగా అడిగాడు.

"సచ్చినోడు పోస్తే తాగుతరా సార్?"

బ్రదర్ లేచి ఆయన భుజం మీద చెయ్యేశాడు. "తప్పుగా అనుకోకు తమ్ముడూ. నీ బిడ్డ చదువు కోసమే కదా."

"నా బిడ్డ సదువాలంటె నేను సావాల్నా?"

అవ్వ అప్పటికి ఎలా లేచి వచ్చిందో మరి, చెల్లె దగ్గరికి వచ్చి కొంగుతో ఆ మందు తుడుస్తోంది. తుడిచినకొద్దీ అది కళ్లలోకి పోయి పిల్ల ఇంకా ఏడుస్తోంది. "నా కొడుకును నా కండ్ల ముందల సంపుతార్రా? మీ నోట్ల మన్నువడ!" అని అవ్వ కేక పెట్టింది. అయ్యగారు పరుగున వచ్చి చేతులు జోడించాడు. వాళ్లకు కాదు, అవ్వకు. "అవ్వా, ఒక్క పూట ఓర్సుకో. పిల్లలకు హాస్టల్ వస్తది."

అవ్వ ఆయన ముఖం చూసి నేల మీద ఉమ్మింది. అయ్యగారి ముందు అలా ఎవరైనా చేయడం నేను అంతకుముందు చూడలేదు.

వాళ్లు మా అన్నం తినలేదు. కారులో అద్దాలు ఎక్కించుకుని తెచ్చుకున్న పొట్లాలు తిని వెళ్లిపోయారు. పొట్లాల కాగితాలు మా వాకిట్లో విసిరేశారు.

ఇంత జరిగాక చెల్లెను ఆ హాస్టల్‌కు ఎలా పంపారని ఎవరైనా అడగవచ్చు. చిన్నమ్మ ఎండలో పత్తి ఏరి ఏరి వేళ్లు చీరుకుపోయిన మనిషి. "ఒక్క మాటకు బిడ్డ బతుకు ఆగం చేస్తవా? మాట ఒంటికంటుకుంటదా? కడుగుకుంటే పోతది. నా లెక్క పత్తి ఏరుమంటవా దాన్ని?" అని చిన్నాయనతో వాదించింది. చిన్నాయన, "సచ్చినోణ్ని నన్నెందుకు అడుగుతవు" అని ఊరుకున్నాడు. బడులు తెరిచే నాటికి చెల్లె పెట్టె సర్దుకుని వెళ్లింది. నన్ను కూడా పంపుదామన్నారు గానీ అవ్వ నన్ను ఒళ్లో నుంచి దింపలేదు.

మందిరం రంగులు మారింది. గోడ మీద బ్రదర్ నిలువెత్తు ఫోటో వచ్చింది. సంస్థ తరఫున ఒక కుర్ర పాస్టరు వచ్చి చేరాడు. అయ్యగారు పెద్దవాడయ్యాడు కాబట్టి విశ్రాంతి తీసుకోవాలన్నారు. గదులు రాలేదు, కంప్యూటర్లు రాలేదు. పిడికిలి బియ్యం మాత్రం ఇక సంస్థకు పంపాలని కబురు వచ్చింది. గుడాలు ఆగిపోయాయి. ఒక సాయంత్రం అక్క మాకు లెక్క చెప్తుంటే అయ్యగారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"బిడ్డా, వాళ్లు... బొట్టు తీసి వస్తే అభ్యంతరం లేదంటున్నరు."

అక్క సుద్దముక్క పట్టుకుని ఆయన్నే చూసింది. "గీ లెక్క జర సగంల ఉన్నది అయ్యగారూ. పూర్తి చేసి పోత" అంది. పూర్తి చేసింది. చివర జవాబు కింద గీత కూడా గీసింది. చేతులు దులుపుకుని చెప్పులేసుకుని వెళ్లిపోయింది. నేతోళ్ల పిల్లలు ఆమె వెంట లేచిపోయారు. మందిరంలో మా వాడవాళ్లమే మిగిలాం, ఆకలితో. మరో వారానికి మేమూ సాయంత్రాలు చదువుకు పోవడం మానేశాం.

బతుకమ్మకు బిడ్డను తీసుకొద్దామని చిన్నాయన పట్నం వెళ్లాడు. అవ్వ కూడా పోతానని పట్టుబట్టింది. జరిగింది ఆమే మాకు చెప్పింది. హాస్టల్ గేటు దగ్గర కాపలావాడు ఆపి ఎవరు కావాలని అడిగాడట. చెల్లె పేరు చెప్పి, తండ్రినని చెప్పాడట చిన్నాయన. కాపలావాడు లోపలికి పోయి కనుక్కుని వచ్చి, "ఆ పిల్లకు తండ్రి లేడంటున్నరు. నువ్వెవరు?" అన్నాడట.

చిన్నాయన గేటు ఊచలు పట్టుకుని నిలబడిపోయాడట. అవ్వ మాత్రం గేటుకు అడ్డంగా నేల మీద కూర్చుంది. లోపలికి పోయే కారును పోనివ్వలేదు, బయటికి వచ్చే కారును రానివ్వలేదు. "వీడు సచ్చినోడైతే వీణ్ని కన్నదాన్ని నేను. నన్ను సుత సంపుండ్రి, అప్పుడు కారు తోలుకపోండ్రి" అని అరిచింది. రోడ్డు మీద జనం గుమికూడారు. పరువు పోతుందని భయపడి పిల్లను పెట్టెతో సహా బయటికి పంపారు.

చెల్లె వచ్చిన రోజు నేను ఎదురు పరిగెత్తాను. ఆమె కళ్ల కింద చర్మం ఎర్రగా పొక్కి, పొలుసులు లేస్తోంది. అతిథులు వచ్చినప్పుడల్లా ఏడవాలట. బాగా ఏడ్చిన పిల్లలకు కేకు పెట్టేవాళ్లట. కేకు ఎలా ఉంటుందని నేను అడిగాను. ఆమె పోయి వాంతి చేసుకుంది.

బస్సులో వస్తూ చెల్లె తండ్రి పక్కనే కూర్చుని ఆయన చేయి అటు తిప్పి ఇటు తిప్పి చూసి అడిగిందట, "నాయినా, నువ్వు నిజంగ సచ్చిపోలే గదా?" అని. అన్నిసార్లు చెప్పీ చెప్పీ ఆమెకే అనుమానం వచ్చింది. ఈ మాట చెప్తున్నప్పుడు అవ్వ ఏడవలేదు. పళ్లు కొరికింది.

వాడలో ఆడవాళ్లు ఆ మాట విన్నారు. మరుసటి ఆదివారం గంప ముందు కుర్ర పాస్టరు నిలబడితే ఒక్క కుండా ఒంపలేదు. "ఇది దేవుని భాగం. ఆపితే శాపం" అన్నాడు అతను.

"నా పిడికిలి నా దేవునికి తెలుసు. నడుమ నువ్వెవడివి?" అంది అవ్వ. చిన్నమ్మ ముందు లేచింది. తన కుండ నెత్తిన పెట్టుకుని నేతోళ్ల వాడ వైపు నడిచింది. మిగతావాళ్లు వెనక నడిచారు. మేం పిల్లలం ముందుకు పరిగెత్తాం.

నేత తాత మగ్గం ఆపి ఆ కుండలన్నీ చూశాడు. "నా బిడ్డను బయటికి పంపినోళ్లు మీరు కారు, నాకు తెలుసు" అన్నాడు. మగ్గం గుంత పక్కన కండెలు, నూలు కట్టలు జరిపి చాప పరిచాడు. జాగా ఇరుకు. మోకాళ్లు ఒకరివి ఒకరికి తగిలేవి. మగ్గం టకటక మధ్య అక్క గొంతు పెంచి భిన్నాలు చెప్పేది. గుడాలు మళ్లీ వచ్చాయి, ఈసారి నేతోళ్ల అత్తమ్మ పోపుతో. ఆమె వెల్లుల్లి ఎక్కువ వేసేది.

కొన్నాళ్లకు ఒక సాయంత్రం అయ్యగారు వచ్చాడు. లోపలికి రాకుండా గడప బయటే నిలబడ్డాడు. చెల్లెను తీసుకుపోవడానికి చిన్నాయన కూడా అప్పుడే మిల్లు నుంచి వచ్చాడు. అయ్యగారు ఆయన చేతులు పట్టుకున్నాడు.

"నిన్ను సంపింది వాళ్లు కాదు బిడ్డా. చూసుకుంట నిలబడ్డ నేను."

చిన్నాయన ముఖం మీది తవుడు తుడుచుకున్నాడు. "పిల్లలకు తెలుగు చెప్పేటోళ్లు లేరు అయ్యగారూ. లోపలికి రాండ్రి" అన్నాడు. అయ్యగారు ప్రార్థన చేయాలా వద్దా అని తటపటాయిస్తుంటే నేత తాత, "మీది మీరు చేసుకోండ్రి, మాది మేం దండం పెట్టుకుంటం. మగ్గానికి రెండు సమానమే" అన్నాడు. అవ్వ మాత్రం ఆయనతో మాట్లాడటానికి ఇంకా చాలా కాలం పట్టింది.

ఆ ఎండాకాలం ముందు గురుకులం ప్రవేశ పరీక్ష ఇద్దరం రాశాం. చెల్లెకు సీటు వచ్చింది, నాకు రాలేదు. ఏడ్చాను. తర్వాత ఊరి బడిలోనే చదివాను. చెల్లెను చేర్పించే రోజు నేనూ వెంట పోయాను. బల్ల వెనక కూర్చున్న టీచరమ్మ మామూలుగా తండ్రి ఏం చేస్తాడని అడిగింది. చెల్లె బయటికి పరిగెత్తి, వరండాలో ఉన్న చిన్నాయన చెయ్యి పట్టి లాక్కొచ్చి బల్ల ముందు నిలబెట్టింది. "గీనే మేడమ్" అంది. టీచరమ్మకు ఏమీ అర్థం కాక, "సరేనమ్మా, కూర్చోండి అన్నా" అంది. చిన్నాయన కూర్చోలేదు. అలాగే నిటారుగా నిలబడ్డాడు.

అయ్యగారు పోయేనాటికి చెల్లె ఇంటర్‌కు వచ్చింది. బతికి ఉండగా పట్టించుకోని సంస్థవాళ్లు చావుకు కార్లలో వచ్చారు. మెరిసే పెట్టె తెచ్చారు, లోపల నున్నటి తెల్లటి పట్టు పరిచి ఉంది. బ్రదర్ వచ్చాడు. కొంచెం లావయ్యాడు. సెంటు అదే. శవం పక్కన నిలబడి కెమెరా వైపు తిరిగి, ఈ మహానుభావుడూ తానూ కలిసి ఈ గ్రామంలో పేదరికాన్ని ఎలా తరిమారో చెప్పడం మొదలుపెట్టాడు. అమ్మగారు మూలన కూర్చుని బ్రదర్ ను చూస్తోంది, ఎవరో తెలియనట్టు.

అప్పుడు నేత తాత వచ్చాడు. చేతుల్లో మడతపెట్టిన తెల్లటి బట్ట. అయ్యగారు మంచాన పడ్డప్పటి నుంచీ నేస్తున్నాడట, అక్కకు కూడా ఎందుకో చెప్పకుండా. కుర్ర పాస్టరు అడ్డం వచ్చి, "పెద్దాయనా, బొట్టుతో ఉన్నారు. వీడియో అయ్యాక రండి" అన్నాడు.

నేత తాత ఆగిపోయాడు. ఇన్నేళ్లలో ఆయన కళ్లు దించుకోవడం ఆ ఒక్కసారే చూశాను. చిన్నాయన ముందుకు వెళ్లి కెమెరా ముందు తన వీపు పెట్టి నిలబడ్డాడు. బస్తాలు మోసిన వీపు, వెడల్పైనది. బాపు పక్కన చేరాడు. వాడ మగవాళ్లంతా వచ్చి భుజాలు కలిపారు. ఎవరూ ఎవరినీ తిట్టలేదు. కెమెరా కుర్రాడు అటు పోతే అటు జరిగారు, ఇటు వస్తే ఇటు జరిగారు. ఆ వీపుల వెనక అవ్వ వంగి, పెట్టెలో పరిచిన పట్టు గుంజి అవతల పారేసింది. "మా అయ్యగారికి గిది ఒరుసుకపోతది. తే అన్నా" అని నేత తాతకు చేయి చాపింది. అమ్మగారు, అక్క, చెల్లె కలిసి ఆ నూలు బట్టలో ఆయన్ను చుట్టారు. నేత తాత ఒక చెంగు పట్టుకున్నాడు. మూత వేశాకే మగవాళ్లు పక్కకు జరిగారు.

తర్వాత నేత తాత మగ్గం అమ్మేశాడు. అక్క పెళ్లయి భీవండికి వెళ్లింది. అవ్వ పోయింది. చెల్లె నందికొండలో నర్సు, చిన్నాయన, చిన్నమ్మ ఆమె దగ్గరే ఉంటారు. ఇప్పుడు మా వాడ పిల్లలకు శనివారం ప్రసాదం రాదు, నేతోళ్ల పిల్లలకు మా గుడాల రుచి తెలియదు. బొట్టున్నవాళ్లు ఒకవైపు, లేనివాళ్లు ఒకవైపు. బ్రదర్ సంస్థ మాత్రం పెద్దదైంది. ఆ చావు వీడియో ఇప్పటికీ ఫోన్లలో తిరుగుతూ ఉంటుంది. ఒకసారి చివరిదాకా చూశాను. ఆయన ఉపన్యాసం ఉంది, ఏడుపు పాట ఉంది, మూసిన పెట్టె ఉంది. ఆ బట్ట లేదు. మా దగ్గరున్న వాటిలో వాళ్లు అమ్ముకోలేకపోయింది అదొక్కటే.